‘అర్థమైందా?’ అంటే అందరూ తలూపుతారు: పోషకాహార పాఠం రాసే ముందు తల్లులను ఏం అడగాలి

మన రెండు రాష్ట్రాల్లో ఏ అంగన్‌వాడీకి వెళ్లినా గోడ మీద పోషకాహార చార్టు కనిపిస్తుంది. ఆకుకూరలు, గుడ్డు, పాలు, పప్పు, పళ్లు వరసగా బొమ్మలేసి ఉంటాయి. సెప్టెంబరు వచ్చిందంటే పోషణ మాసం, ర్యాలీలు, సామూహిక సీమంతాలు, అన్నప్రాసనలు. ఏ తల్లిని కదిలించినా ‘గుడ్డు బలం, ఆకుకూర తింటే రక్తం పడుతుంది’ అని గడగడా చెప్పేస్తుంది. అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15–49 ఏళ్ల ఆడవాళ్లలో రక్తహీనత ఆంధ్రప్రదేశ్‌లో 58.8 శాతం, తెలంగాణలో 57.6 శాతం. అంతకు ముందు సర్వేతో పోలిస్తే ఒక చోట కాస్త తగ్గింది, ఇంకో చోట కాస్త పెరిగింది. ఆరు నెలలు నిండి ఐదేళ్లు దాటని పిల్లల్లో తెలంగాణలో 70 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 63.2 శాతం. రక్తహీనతకు తిండి ఒక్కటే కారణం కాదు, నులిపురుగులూ జబ్బులూ కూడా ఉంటాయి. కానీ తిండి పెద్ద కారణమే.

మరి ఇన్నేళ్లుగా చెబుతున్నదంతా ఏమవుతోంది? చాలామంది అధికారులు దీనికి ఇచ్చే జవాబు ‘అవగాహన పెంచాలి’ అని. అంటే ఇంకో చార్టు, ఇంకో ర్యాలీ. నాకు మాత్రం తిరకాసు వేరే చోట ఉందనిపిస్తుంది. పాఠం ఎవరి కోసమో వాళ్లను పాఠం రాసేటప్పుడు అడగడం లేదు. అంతా అచ్చయ్యాక, మీటింగు చివర్లో ‘ఎలా ఉందమ్మా?’ అని అడిగి, వచ్చిన జవాబును అభిప్రాయ సేకరణ కింద రాసుకుంటున్నాం. ఆ వేళకు వాళ్లు చెప్పగలిగేది ‘బాగుంది’ ఒక్కటే.

ముందే అడిగితే ఏం మారుతుందో చూడాలంటే పెరూ దాకా వెళ్లాలి. ఆ దేశంలో ట్రుహియో అనే నగరం శివారు పేటల్లో జరిగిన పరిశోధన 2005లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వచ్చింది. అక్కడ పాఠం రాసే ముందు తల్లులు నిజంగా ఏం వండుతున్నారు, పసివాళ్లకు ఏం పెడుతున్నారు, ఎందుకు పెడుతున్నారు అన్నది దగ్గరుండి చూశారు. పిల్లలకు పలచటి సూపులు ఎక్కువగా అందుతున్నాయి. సూపుతో పొట్ట నిండుతుంది కానీ అందులో సరుకు ఉండదు. అందుకని పెద్ద చార్టు జోలికి పోకుండా మూడే మాటలు పట్టుకున్నారు. సూపు కంటే ముందు చిక్కటి మెత్తటి ముద్ద పెట్టండి. అందులో కోడి కార్జమో గుడ్డో చేపో కాస్త కలపండి. ఓపిగ్గా, నవ్విస్తూ తినిపించండి. ఆరు ఆరోగ్య కేంద్రాల్లో ఈ మాటలే డాక్టరు దగ్గర్నుంచి నర్సు దాకా అందరూ చెప్పారు. మరో ఆరు కేంద్రాల్లో ఎప్పటిలాగే నడిచింది. ఆ పరిశోధన తరఫున ఆహారమేమీ పంచలేదు. పద్దెనిమిది నెలలు వచ్చేసరికి వయసుకు తగ్గ ఎత్తు లేని పిల్లలు పాత పద్ధతి చోట 16 శాతం, కొత్త పద్ధతి చోట 5 శాతం.

మూడు మాటలకే ఇంత తేడానా అనిపించవచ్చు. ఆ మూడూ వాళ్ల వంటింట్లోంచే వచ్చాయి. కార్జం అక్కడ దొరుకుతుంది, కొనగలిగే ధరలో ఉంటుంది. పలచన, చిక్కన అన్నవి ఆ తల్లి చేతిలో ఉన్న విషయాలు. చేయగలిగిన పని చెప్పారు కాబట్టి చేశారు.

మన దగ్గరికి వద్దాం. నల్గొండ వైపు ఒక పల్లె, ఎనిమిది నెలల బాబు ఉన్న కూలి కుటుంబం అనుకోండి. ‘బాబుకు పప్పు పెడుతున్నావా?’ అని అడిగితే ‘పెడ్తున్న’ అనే జవాబు వస్తుంది. సర్వే కాగితంలో టిక్కు పడుతుంది. అదే ప్రశ్నను ఇంకో రకంగా అడిగి చూడండి.

‘నిన్న పొద్దున లేచినప్పటి నుంచి చెప్పమ్మా. బాబు మొదట ఏం తిన్నాడు?’

‘లేవంగనే పాలిచ్చిన టీచరమ్మా. తొమ్మిదింటికి కూలికి పోయిన.’

‘నువ్వు పోయాక?’

‘మా అత్త చూస్కుంటది. జావ పోసిందంట.’

‘మధ్యాహ్నం?’

‘అన్నంల పప్పు కలిపి పెట్టింది.’

‘ఎంత పప్పు, ఎట్ల కలిపింది? ఆ గిన్నె ఒకసారి చూపిస్తావా?’

‘మేం తినే పప్పుల కారం ఉంటది కదా. మీది తేట తీసి కలుపుతది. ముద్ద పప్పు పిల్లగానికి అరగదు అంటది.’

ఇక్కడ దొరికింది అసలు సంగతి. బాబుకు అందుతున్నది పప్పు మీద తేరిన తేట. పప్పంతా గిన్నె అడుగునే ఉండిపోయింది. సర్వే కాగితంలో పడిన టిక్కు అబద్ధమేమీ కాదు, ఆమె నిజమే చెప్పింది. అడిగిన ప్రశ్నే ఆ నిజంలో సగాన్ని కప్పేసింది. ఈ ఒక్క సంభాషణలో పాఠానికి కావలసిన మూడు సంగతులు బయటపడ్డాయి. పగటిపూట తినిపించేది అత్తగారు, కాబట్టి కోడలిని కూర్చోబెట్టి చెబితే మాట చేరాల్సిన చోటికి చేరదు. అడ్డం వస్తున్నవి కారం, అరగదన్న భయం. పప్పు ఇంట్లో ఉంది, కొనాల్సిన పని లేదు. అప్పుడు చెప్పాల్సిన మాట ‘పప్పులో మాంసకృత్తులు ఉంటాయి’ అన్నది కాదు. ‘ఉడికిన పప్పులో కారం వేయకముందే బాబు వాటా చిన్న గిన్నెలోకి తీసి పెట్టు పెద్దమ్మా, మెత్తగా మెదిపి, చెంచా వంచితే జారిపోకుండా ఉండేట్టు కలుపు’ అన్నది. ఇది ముద్ద పప్పు అరగదనే భయానికీ జవాబే, ఎందుకంటే మెదిపిన పప్పును ఆమె కూడా ‘ముద్ద’ కింద లెక్కేయదు.

నిన్న పొద్దుటి నుంచి వరసగా చెప్పించే ఈ పద్ధతిని పోషకాహార నిపుణులు ఎప్పటినుంచో వాడుతున్నారు. ‘సాధారణంగా ఏం పెడతారు?’ అంటే మంచి మంచి పేర్లు వినిపిస్తాయి. ‘నిన్న ఏం పెట్టారు?’ అంటే జ్ఞాపకం వస్తుంది. గిన్నె, గ్లాసు, చెంచా చూపించమంటే కొలత వస్తుంది.

అడిగేవాళ్లను బట్టీ జవాబు మారుతుంది. జీపు దిగి, మెడలో ఐడీ కార్డు వేసుకుని, ఫైలు తెరిచి కూర్చున్న మనిషికి పేద కుటుంబం రెండు రకాల జవాబుల్లో ఒకటి ఇస్తుంది. ఏదో పథకం వస్తుందేమోనన్న ఆశ ఉంటే ‘ఏమీ లేదండి, ఏమీ తినట్లేదు’ అంటుంది. ఉన్నది పోతుందేమోనన్న భయం ఉంటే మంచివన్నీ దాచిపెడుతుంది. వారానికోసారి కోడికూర వండుతామని చెబితే రేషన్ కార్డు తీసేస్తారేమో అని అనుమానపడే ఇళ్లు నిజంగా ఉంటాయి. దీన్ని వాళ్ల అమాయకత్వం అనుకుంటే పొరపాటు, అది అనుభవం నేర్పిన జాగ్రత్త. అందుకే ఈ కబుర్లకూ కార్డులకూ సంబంధం లేదని ముందే చెప్పాలి. చెప్పి ఊరుకోకుండా, పేర్లు రాసుకోకూడదు, ఫొటోలు తీయకూడదు. ఫొటో లేకుండా కార్యక్రమం జరిగినట్టు రుజువేదని మన వ్యవస్థ అడుగుతుందనుకోండి, అది వేరే తలనొప్పి.

సూటిగా అడిగితే ఇబ్బందిపడే విషయాలకు ఇంకో దారి ఉంది. ‘మీ వీధిలో కడుపుతో ఉన్నవాళ్లు ఏం తినరు?’ అని అడిగితే తన మాట తనది కానట్టు చెప్పే వీలుంటుంది. అప్పుడు బొప్పాయి వేడి, నువ్వులు వేడి, ఎక్కువ తింటే బిడ్డ పెద్దదై కాన్పు కష్టమవుతుంది, పచ్చి బాలింతకు ఫలానా కూరలు వాతం అన్నవన్నీ ఒక్కొక్కటిగా వస్తాయి. వాటిని విని ‘మూఢనమ్మకం’ అని రాసుకుని వచ్చేస్తే కూర్చున్న కాసేపూ వృథా. కొన్ని నమ్మకాలతో నష్టం లేదు, వాటి జోలికి పోనక్కర్లేదు. బొప్పాయి తినకపోతే జామకాయ తింటుంది. నష్టం చేసేవి వేరు చేసుకోవాలి. కడుపుతో ఉన్న మనిషి కావాలని తక్కువ తినడం అలాంటిది.

గుంపుగా కూర్చోబెట్టి మాట్లాడించడంలో ఒక సుఖముంది, ఒక చిక్కుంది. ఆరుగురో పదిమందో తల్లులు కలిస్తే ఒకరి మాటకు ఒకరు అందుకుంటారు, ఊరి అలవాటు ఏంటో తేలిగ్గా తెలుస్తుంది. కానీ అదే గుంపులో అత్తాకోడళ్లను కలిపి కూర్చోబెడితే కోడలు నోరు విప్పదు. డ్వాక్రా సంఘం లీడర్ ఉంటే ఆమె మాటే అందరి మాట అవుతుంది. పాలిచ్చే తల్లులు ఒక గుంపు, అత్తలు నాయనమ్మలు ఒక గుంపు, సరుకులు తెచ్చే మగవాళ్లు ఒక గుంపు, ఇలా విడివిడిగా పెట్టుకోవడం మేలు. ఒక్కో రకం మనుషులతో మూడు నాలుగు గుంపులు అయ్యాక కొత్త మాట వినపడటం ఆగిపోతుంది. అక్కడితో ఆపేయొచ్చు. ఇలా విన్నదాన్ని ‘నూటికి అరవై మంది ఇలా అన్నారు’ అని శాతాల్లోకి మార్చకూడదు. ఎందుకు చేయట్లేదో తెలుసుకోవడానికి ఈ పద్ధతి, ఎంతమంది చేయట్లేదో లెక్కించడానికి సర్వే.

ఇంకో మాట, గుంపుకు ఎవరు వచ్చారన్నది. పొద్దున పదకొండింటికి అంగన్‌వాడీ దగ్గర కూర్చుంటే ఆ సమయానికి ఇంటిపట్టున ఉండగలిగినవాళ్లే వస్తారు. కలుపు తీతలకు పోయినవాళ్లు, మిర్చి కోతకు వలస వెళ్లినవాళ్లు, ఇటుక బట్టీల దగ్గర గుడిసెల్లో ఉన్నవాళ్లు రారు. ఎవరి కోసం ఈ పాఠమో వాళ్లే లేకుండా అభిప్రాయం సేకరించినట్టవుతుంది. వాళ్ల కోసం చీకటి పడ్డాక బస్తీకో, మధ్యాహ్నం సద్దిమూట విప్పే వేళకు చేనుకో వెళ్లక తప్పదు. చేను దగ్గరికి వెళితే ఇంకో లాభం. సద్దిలో ఏముందో అడగక్కర్లేదు, కనిపిస్తుంది.

విన్నది ఎలా విడదీయాలి

ఇంత విన్నాక నోటు పుస్తకం నిండిపోతుంది. అసలు పని అప్పుడు మొదలవుతుంది. ప్రతి మాట వెనక ఉన్న అడ్డంకి ఏ జాతిదో తేల్చుకోవాలి. తెలియక చేయట్లేదా? తెలిసీ భయపడి చేయట్లేదా? డబ్బు లేకా, తీరిక లేకా, ఇంట్లో తన మాట చెల్లకా? పిల్లాడు ఉమ్మేస్తున్నాడా? చార్టుతో తీరేది మొదటిది ఒక్కటే.

ఐరన్ మాత్రల సంగతి చూడండి. రక్తహీనత నివారణ కార్యక్రమంలో గర్భిణికి నాలుగో నెల నుంచి రోజుకొకటి చొప్పున 180 రోజులు ఇస్తారు. మాత్రలు ఇంటికి చేరతాయి, చాలా ఇళ్లలో బీరువా మీదో దూలం సందులోనో ఉండిపోతాయి. మన పోస్టరు ఏం చెబుతుంది? ‘ఐరన్ మాత్రలు వేసుకోండి, రక్తహీనతను తరిమికొట్టండి.’ వేసుకోని వాళ్లను కూర్చుని అడిగితే వినిపించే మాటలు వేరు. వేసుకోగానే కడుపులో తిప్పుతోంది. విరేచనం నల్లగా అవుతోంది, లోపల ఏమైందోనని భయమేసింది. బిడ్డ నల్లగా పుడుతుందని మా పెద్దమ్మ అంది. వీటిలో ఒక్కదానికీ ఆ పోస్టరులో జవాబు లేదు. ఈ మాటలు విన్న మనిషి రాసే పాఠం ఇలా ఉంటుంది: రాత్రి అన్నం తిన్నాక వేసుకో, తిప్పడం తగ్గుతుంది. విరేచనం నల్లగా వస్తుంది, అది మాత్ర రంగే, కంగారు పడొద్దు. దానికీ బిడ్డ రంగుకూ సంబంధం లేదు. టీతో కానీ, కాల్షియం మాత్రతో కలిపి కానీ వేసుకోవద్దు. నాలుగు వాక్యాలు. ‘తరిమికొట్టండి’ అన్న కేక కంటే ఎంతో పనికొచ్చేవి.

అడ్డంకి ఒక్కోసారి మనం ఊహించని చోట ఉంటుంది. బంగ్లాదేశ్‌లో బ్రాక్ అనే స్వచ్ఛంద సంస్థ క్షేత్ర కార్యకర్తలతో జరిగిన అలైవ్ అండ్ థ్రైవ్ అనే శిశు పోషణ కార్యక్రమంలో పిల్లలకు తినిపించే ముందు తల్లులు చేతులు ఎందుకు కడుక్కోవట్లేదో చూశారు. కడుక్కోవాలని తెలుసు. కానీ సబ్బూ నీళ్లూ ఒక చోట, తినిపించేది ఇంకో చోట. పిల్లాడిని వదిలేసి ఎవరు లేచి వెళతారు? దాంతో ఉపన్యాసం పక్కనపెట్టి, తినిపించే చోటుకి దగ్గర్లో సబ్బూ నీళ్లూ అమర్చుకునే ఏర్పాటు మీద దృష్టి పెట్టారు.

చేసి చూసి చెప్పమనడం

నన్నడిగితే ఉన్న పద్ధతులన్నిటిలో బలమైనది ఇది. దీన్ని ట్రయల్స్ ఆఫ్ ఇంప్రూవ్డ్ ప్రాక్టీసెస్ అంటారు, ఈ రంగంలో ఉన్నవాళ్లు పొట్టిగా టిప్స్ అంటారు. 1970ల చివర్లో ఇండోనేషియా పోషకాహార కార్యక్రమంలో రూపుదిద్దుకుంది. ఇందులో అభిప్రాయం అడగడం తక్కువ, పని చేయించి చూడటం ఎక్కువ.

ఒక్కో ఇంటికి మూడుసార్లు వెళతారు. మొదటిసారి నిన్నటి తిండి, వంట, తినిపించే తీరు తెలుసుకుంటారు. రెండోసారి ఆ ఇంటికి సరిపోయే నాలుగైదు మార్పులు ముందుంచుతారు. జావ ఇంకొంచెం చిక్కగా కాయడం, అందులో వేయించిన పల్లీల పొడి ఒక చెంచా కలపడం, కారం వేయకముందే పిల్లాడి వాటా తీయడం, అంగన్‌వాడీ గుడ్డు పిల్లాడికే పెట్టడం లాంటివి. వాటిలో ఒకటో రెండో ఆ తల్లే ఎంచుకుంటుంది. ఇక్కడ బేరం ఉంటుంది. ‘రోజూ కుదరదు, రెండ్రోజులకోసారి చేస్తా’ అంటే సరే అనాలి. ఓ వారం పోయాక మూడోసారి వెళ్లి, చేసిందా లేదా, ఎక్కడ కుదరలేదు, తనేం మార్చుకుంది, పక్కింటావిడకు చెబుతుందా అని అడుగుతారు.

మూడో రాకలో దొరికే మాటలు ఏ మీటింగులోనూ దొరకవు. పల్లీ పొడి బరకగా ఉండి పిల్లాడు ఉమ్మేశాడు, జల్లించి వేస్తే తిన్నాడు అని ఒకామె చెబుతుంది. గుడ్డు పిల్లాడికే పెడదామంటే పెద్ద పిల్ల ఏడ్చింది, సగం సగం ఇచ్చానని ఇంకొకామె అంటుంది. ఈ సవరణలన్నీ నేరుగా పాఠంలోకి వెళ్లాలి. ‘పల్లీ పొడి జల్లించి వేయండి’ అన్న మాట నిపుణుల కమిటీలో పుట్టదు. ఇంకో తల్లికి చెప్పేటప్పుడు అదే పనికొస్తుంది.

మన నేల మీదే ఒక గట్టి ఉదాహరణ ఉంది. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు నల్గొండ జిల్లాలో 60 గ్రామాల్లో 600 తల్లీబిడ్డల జంటలతో చేసిన అధ్యయనం 2013లో వచ్చింది. బిడ్డకు మూడు నెలలున్నప్పటి నుంచి ఏడాది పాటు నడిచింది. మూడో వంతు గ్రామాల్లో మామూలు ఐసీడీఎస్ సేవలు, అంటే అంగన్‌వాడీల ద్వారా ఎప్పుడూ అందేవి. మరో మూడో వంతులో వాటికి తోడు అనుబంధ ఆహారం (తల్లిపాలతో పాటు బిడ్డకు పెట్టే తిండి) మీద సలహాలు. మిగతా చోట్ల ఆ సలహాలతో పాటు, బిడ్డ ఆకలి సైగలు గమనించి తినిపించడం, ఆడించడం కూడా నేర్పారు. చెప్పింది శిక్షణ పొందిన ఊరి ఆడవాళ్లే, ఇంటింటికీ వెళ్లి. సలహాలు అందిన రెండు చోట్లా పిల్లల తిండిలో శక్తి, మాంసకృత్తులు, విటమిన్ ఏ, ఐరన్, జింక్ పెరిగాయి. ఎదుగుదలలో కుంటుపాటు కొద్దిగా తగ్గింది మాత్రం తిండి సలహాలు ఒక్కటే ఇచ్చిన గ్రామాల్లో. ఆటపాటలు కూడా నేర్పిన చోట ఆ తేడా రాలేదు, పిల్లల మానసిక వికాసం స్కోరు పెరిగింది. నచ్చినా నచ్చకపోయినా ఫలితం అలా వచ్చింది. చెప్పే మాటలు పెరిగినకొద్దీ దేనికదే పలచబడుతుందేమో అన్న అనుమానం నాకైతే దీనివల్ల ఇంకా బలపడింది.

పాఠం తయారయ్యాక అచ్చుకు పంపే ముందు ఇంకోసారి అడగడం ఉంటుంది. ఇక్కడ ‘అర్థమైందా?’, ‘నచ్చిందా?’ అన్న ప్రశ్నలు పనికిరావు. బొమ్మ చేతికిచ్చి ‘ఇందులో ఏం కనిపిస్తోంది? ఇది ఎవరికి చెబుతున్నారు? ఏం చేయమంటున్నారు? ఇంటికెళ్లి మీ ఆయనకు దీని గురించి ఏం చెబుతావు?’ అని అడగాలి. బొమ్మలోని పట్టుచీర, డైనింగ్ టేబులు, స్టీలు గిన్నెల వరస చూసి ‘ఇది ఉన్నోళ్లకు’ అని ఒక్క తల్లి అన్నా ఆ బొమ్మ మార్చాలి. రేషన్ బియ్యం, పచ్చిపులుసు, పొయ్యి మీద సత్తు గిన్నె ఉంటేనే అది తన ఇల్లు.

ఇంతా చేశాక కొన్ని మాటలు ఏ పాఠంలోనూ ఇమడవు. డబ్బు మాట అలాంటిది. పాలు రోజూ తాగమని గట్టిగా చెప్పినంత మాత్రాన కూలి డబ్బులు పెరగవు. తీరిక మాట కూడా అంతే. 2015 జనవరి నుంచి తెలంగాణలో నడుస్తున్న ఆరోగ్యలక్ష్మిలో గర్భిణులకు, బాలింతలకు అంగన్‌వాడీలోనే ఒక పూట అన్నం, పప్పు, కూర, గుడ్డు, పాలు పెడతారు. మంచి పథకమే. కానీ మధ్యాహ్నం భోజనానికి కేంద్రానికి రావాలంటే కూలికి పోయే మనిషికి ఆ రోజు పనే పోతుంది. ఆమె రాకపోవడానికి అవగాహన లేకపోవడం కారణమని రిపోర్టు రాస్తే అది తప్పుడు రిపోర్టు.

అందుకే ఇలాంటి సేకరణకు వెళ్లేవాళ్లు రెండు జాబితాలు రాసుకుని రావాలి. ఒకటి పాఠం రాసేవాళ్లకు. తేట బదులు పప్పు, రాత్రి అన్నం తర్వాత మాత్ర, జల్లించిన పల్లీ పొడి, ఇవన్నీ అందులోకి. రెండోది పథకం నడిపేవాళ్లకు, అంటే సూపర్‌వైజరు నుంచి సీడీపీఓ (ఆ ప్రాంత అంగన్‌వాడీలన్నిటినీ చూసే ప్రాజెక్టు అధికారి) మీదుగా పైకి వెళ్లాల్సింది. గుడ్డు నెలాఖరున ఒకేసారి వస్తోంది, కేంద్రం తెరిచే వేళకు మేం చేలో ఉంటున్నాం, బట్టీల దగ్గరున్న మా పేర్లు ఏ కేంద్రంలోనూ లేవు అన్న మాటలు ఇందులోకి. మొదటి జాబితాకు బొమ్మలేసేవాడు చాలు. రెండోదానికి కేంద్రం వేళలు మార్చే అధికారం ఉన్న మనిషి కావాలి.